పుదీనా లేని వేళ: పొయ్యి యెక్కని వంటకములలో ప్రత్యామ్నాయ పత్రములు

వంటయింట ఒక వస్తువు లేనపుడు దానికి బదులుగా మఱియొకదానిని వాడుట అనాదిగా ఉన్న ఆచారమే. చింతపండు లేనినాడు మామిడికాయయు, నిమ్మకాయ లేనినాడు దబ్బకాయయు మన గృహిణులకు ఎవరును నేర్పకయే తోచుచుండును. పులుపునకు బదులు పులుపే గనుక అందు చిక్కు లేదు. పరిమళమునకు బదులు వెదకవలసి వచ్చినపుడే అసలు చిక్కు పుట్టుచున్నది. పుదీనా కట్ట కొని తెచ్చిన మఱునాటికే నల్లబడి, మూడవనాటికి జిగురుగట్టి పోవును. వానకాలమున వేళ్ళనిండ బురదతో వచ్చును, ఎండకాలమున బజారులోనే మధ్యాహ్నమునకు వాడిపోవును. మఱికొందఱికి పుదీనా దొరకినను పనికిరాదు. తిన్న యన్నము గొంతులోనికి ఎగదన్ను బాధ గలవారిని పుదీనా తగ్గింపుమని వైద్యులు చెప్పుట కలదు. అన్నవాహిక అడుగుభాగమున ఉన్న కండరపు బిగువును దాని తైలము సడలించుననుట అందులకు కారణము. ఇట్టి సందర్భములన్నిటను “బదులుగా ఏమి వేయవచ్చును?” అని అడిగినవారికి తఱచుగా లభించెడి సమాధానము ఒక జాబితా: కొత్తిమీర, తులసి, సబ్జా, సోయికూర, వామాకు అని. ఆ పేర్లలో ఏదియు అబద్ధము గాదు. అయినను ఏ పేరు ఏ వంటకమునకు చెల్లునో, ఎంత పరిమాణమున చెల్లునో చెప్పని జాబితా వలన వంటచేయువానికి కలుగు ఉపకారము స్వల్పము.

పొయ్యి మీది వంటకమునకును పొయ్యి యెక్కని వంటకమునకును ఈ విషయమున గల భేదమును మొదటనే గుర్తింపవలెను. బిరియానీ దమ్ములో పడిన పుదీనా తన పరిమళములోని తేలికయైన భాగమును ఆవిరికి అర్పించి, మిగిలినదానిని నేతితోను, ఉల్లితోను, గరంమసాలాతోను పంచుకొనును. అక్కడ పుదీనాను సగము తగ్గించి కొత్తిమీరను హెచ్చించినను భోక్త కనిపెట్టుట అరుదు. మన తెలుగువారి రోటిపచ్చడిలో సైతము పుదీనాను నూనెలో పచ్చివాసన పోవువఱకు మగ్గించి, మిరపకాయలతోను చింతపండుతోను నూఱుట వాడుక. ఇక పెరుగుపచ్చడిలో తఱిగి కలిపిన ఆకునకును, నిమ్మకాయ షర్బతులో నలిపి వేసిన ఆకునకును, పానీపూరీ నీళ్ళలో నూఱి కలిపిన ఆకునకును ఆ పచ్చివాసనయే ప్రాణము. నిప్పు సోకనందున అక్కడ బదులుగా వచ్చిన ఆకు గుణమేగాక దోషము కూడ ఏ మఱుగును లేక బయటపడును: దాని నూగు నాలుకకు తగులును, దాని పీచు పంటికి తగులును, దాని చేదు మింగిన పిదప గొంతున నిలుచును. తాళింపునకు రాజైన కరివేపాకు పచ్చిగా తఱిగి పెరుగులో కలిపినపుడు రుచింపకపోవుట ఈ కారణము చేతనే. దాని పరిమళమునందు లోపమేమియు లేదు, దాని దళసరితనము నిప్పును కోరును. వంటకములనన్నిటిని ఒక గాటను కట్టి కూర్చిన ప్రత్యామ్నాయముల పట్టికలు ఈ భేదమును పాటింపకపోవుట వలననే, వానిని నమ్మి ప్రయత్నించినవారు తఱచుగా నిరాశ చెందుచున్నారు.

పుదీనా అని మనము ఒక్క పేరుతో పిలుచునది వృక్షశాస్త్రమున మెంథా అను ప్రజాతి. మన బజారులకు కట్టలుగా వచ్చునది ప్రధానముగా మెంథా స్పికాటా జాతి. ఆంగ్లేయులు దీనిని స్పియర్‌మింట్ అందురు. నీటిమడుగుల చెంత పెరుగు మఱియొక మెంథాతో దీనికి కలిగిన సంకరము పెప్పర్‌మింట్. అది విత్తనము కట్టని మొక్క యగుటచే కాడల వలనను వేళ్ళ వలనను మాత్రమే వ్యాపించును. మూడవది ఉత్తరప్రదేశములోని బారాబంకీ ప్రాంతమున విస్తారముగా సాగగుచున్న మెంథా ఆర్వెన్సిస్. దానిని నూనె తీయుటకే పండింతురు. మందులలోను, పండ్లు తోము పేస్టులలోను చేరు మెంథాల్ స్ఫటికములు దానినుండి వచ్చునవి. పెప్పర్‌మింట్‌లోను ఈ మూడవదానిలోను ప్రధానమైన మెంథాల్ మన బజారు పుదీనాలో బహు స్వల్పము. దాని తైలమున ముఖ్యద్రవ్యము కార్వోను. మెంథాల్ బిళ్ళ నోట వేసికొన్నపుడు కలుగు తీవ్రమైన చలువకును, పుదీనా ఆకు నమలినపుడు కలుగు తీపిపట్టిన మృదుపరిమళమునకును గల అంతరము ఈ ద్రవ్యభేదము వలన ఏర్పడినది.

ఈ కార్వోను చరిత్రలో మన ప్రశ్నకు నేరుగా సంబంధించిన విశేష మొకటి కలదు. దాని అణువు పరస్పర ప్రతిబింబములైన రెండు రూపములలో ప్రకృతియందు లభించును. ఒకటి పుదీనాలో నున్నది. రెండవది సోయి గింజలలోను, ఐరోపావారు రొట్టెలలో వాడు కారవే గింజలలోను ఉన్నది. రెంటియందును పరమాణువులు అవియే, వాని సంఖ్యయు అదియే. ఐనను మన ముక్కు ఆ రెంటిని రెండు వేఱు పరిమళములుగా గ్రహించుననియు, ఆ భేదము కల్తీ వలన వచ్చినది గాదనియు 1971లో పరిశోధకులు నిర్ధారించిరి. రసాయనశాస్త్రము చెప్పు దగ్గఱితనమును బట్టి ప్రత్యామ్నాయమును నిర్ణయింపరాదనుటకు ఇంతకన్న మంచి నిదర్శనము నాకు కానరాదు. చలువ సంగతి వేఱు. అది వాసనయును గాదు, రుచియును గాదు; చర్మమునందును నోటియందును చలిని కనిపెట్టు నాడీగ్రాహక మొకటి కలదు, మెంథాల్ దానిని తట్టి లేపును. ఈ గ్రాహకమును 2002లో రెండు పరిశోధనశాలలు వేర్వేఱుగా గుర్తించినవి. ఆ కృషిలో ప్రముఖులైన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్ గారలకు ఉష్ణస్పర్శ గ్రాహకముల పరిశోధనకై 2021లో నోబెల్ బహుమానము లభించినది.

కనుక పచ్చివంటకములో పుదీనా మూడు పనులు చేయుచున్నది. పరిమళ మిచ్చుట ఒకటి, చలువ నిచ్చుట రెండవది, పచ్చదనముతోను మెత్తని ఆకు నమలుటలోని తృప్తితోను వంటకమునకు నిండుదనము గూర్చుట మూడవది. కరణము, మునసబు, తలారి పనులు మూడును ఒక్క మనిషియే నడుపుచున్న పల్లెలో అతడు సెలవు పెట్టినపుడు అన్నిటికిని సరిపోవు బదిలీ మనిషి దొరకడు. ఆనాటికి కావలసినది లెక్కవ్రాయుటయా, తగవు తీర్చుటయా, కావలి కాయుటయా అని చూచి తగినవానిని పిలువవలెను. పుదీనా విషయమునను ఇంతే. ఆ వంటకమున పుదీనా ఏ పనికై ఉన్నదో తెలిసికొనిన పిదప, ఆ ఒక్క పనిని బాగుగా చేయగల ఆకును పిలుచుటయే సరియైన మార్గము. ఆకునకు ఆకును పోల్చుట వ్యర్థశ్రమ. నే నీ వ్యాసమున వంటకములను బట్టి నడచుటకు కారణ మిదియే.

పెరుగుతో మొదలిడెదను, ఏలయన ఇందు మనకు అనేక దేశముల అనుభవము సాక్షిగా నిలిచియున్నది. దోసకాయను పెరుగులో కలిపి చల్లగా తిను వంటకము మన గడ్డమీదనుండి బాల్కను దేశముల దాక ఏదో యొక రూపమున వ్యాపించియున్నది. ఇరానువారి మాస్త్-ఓ-ఖియార్‌లో తఱచుగా ఎండుపుదీనా పడును. తురుష్కుల జాజిక్‌లో పుదీనాయో, సోయికూరయో, రెండునో ఉండును. గ్రీకుల జాజికిలో కొందఱు సోయికూరను, కొందఱు పుదీనాను వాడుదురు. బల్గేరియావారి తరాటర్ అను చల్లని దోసకాయ చారులో వెల్లుల్లి, అక్రోటు పప్పులతోపాటు సోయికూరయే ప్రధానము. ఒకే కుదురునకు చెందిన వంటకము పడమరకు పోవుకొలదియు పుదీనా స్థానమును సోయికూర మెల్లగా ఆక్రమించుట ఇందు స్పష్టముగా కానవచ్చుచున్నది. బదులు కొఱకు వెదకువారు దీనిని మించిన ప్రమాణమును కోరనక్కఱలేదు. తరతరములుగా కోట్లమంది నాలుకలు పరీక్షించి అంగీకరించిన బదులు ఇది.

తెలంగాణపు సంతలలో సోయికూర విరివిగా దొరకును. పెసరపప్పుతో కూర వండుటయే అక్కడ వాడుక గాని, పచ్చిగా పెరుగులో కలుపుట మనవారికి అంతగా అలవాటు లేదు. కలిపిచూచినవారికి దాని విలువ తెలియును. నూలుపోగులవంటి సన్నని ఆకులను మాత్రము కాడనుండి దూసి, కత్తితో బహుసన్నముగా తఱిగి, గట్టిపెరుగున ఉప్పుతో కలిపి అఱగంట సేపు నిలువనిచ్చినచో దాని ఘాటు పెరుగు వెన్నలోనికి దిగి మృదువగును. ఇట్టి పరిమళద్రవ్యములు కొవ్వునందు కరుగునవి గనుక మీగడ తీసిన పెరుగున ఈ మార్దవము రాదు, వాసన పైపైన తేలి పరుషముగా తోచును. పుదీనా పిడికెడు పడునట్టి చోట సోయికూర మూడువ్రేళ్ళకు వచ్చినంత చాలును. దీనితో పచ్చి ఉల్లిపాయ అంతగా పొసగదు. దోసకాయయు, చిన్న వెల్లుల్లి రెబ్బయు పొసగును. అందువలననే హైదరాబాదువారి దహీ చట్నీలో, అనగా బిరియానీకి తోడుగా వచ్చు ఉల్లిపాయ పెరుగుపచ్చడిలో, నేను సోయికూరను సూచింపను. అక్కడ ఉల్లి, పచ్చిమిరప, కొత్తిమీర ఇదివఱకే ఉన్నవి. పుదీనా లేనినాడు కొత్తిమీరను కొంచెము హెచ్చించి, అల్లపు రసము నాలుగు చుక్కలు చేర్చుట మేలు. అల్లము ఇచ్చునది చలువ గాదు, నిజమే. ఐనను బిరియానీ నేతి బరువును కోసి, నాలుకను మరల ముద్దకు సిద్ధపఱచుటయే అక్కడ పుదీనా నెరవేర్చుచుండిన కార్యము, దానిని అల్లము చక్కగా నెరవేర్చును.

వామాకు సంగతి కొంత విపులముగా చెప్పవలసియున్నది, ఏలయన కుండీలో పెంచుకొనువారు హెచ్చగుటచే పుదీనాకు బదులని తఱచుగా దీనినే పేర్కొనుచున్నారు. కర్పూరవల్లి యనియు పిలువబడు ఈ మొక్క పుదీనా కుటుంబమునకే చెందినది, వాము గింజ లిచ్చు మొక్కకు దీనితో బంధుత్వము లేదు. కార్వక్రాలు, థైమాలు అను ఘాటుద్రవ్యముల వలన ఆ వాసన వచ్చును. ఆకును చేతనిడి చూడుడు: దళసరిగా, నీరు నిండి, అంచులు పంటిపంటిగా, రెండువైపుల తెల్లని మెత్తని నూగుతో ఉండును, గిల్లినచో గొంతునకు మందు పూసినట్టి వాసన ముక్కు నంటును. ఇందు తీపి లేదు. పుదీనాతో సమానమైన కొలతలో దీనిని పచ్చిగా వేసినచో పెరుగుపచ్చడి పసరుమందగును. పండువాఱని లేతయాకులు మూడునాలుగు మాత్రము, నూగు పోవునట్లు ఉప్పుతో రుద్ది కడిగి, పచ్చికొబ్బరితోను జీలకఱ్ఱతోను మెత్తగా నూఱి, చిక్కని పెరుగున కలిపినపుడు అది తనదైన యొక మంచిరుచిని కనబఱచును. ఆ రుచిని నేను మెచ్చుకొందును గాని, దానిని పుదీనాకు బదులనుటకు ఒప్పుకొనజాలను. కొత్తవంటకమని పేరుపెట్టి వడ్డించుట న్యాయము.

మజ్జిగకు వచ్చునప్పటికి మన తెలుగువారి సంప్రదాయమే అందఱికన్న సంపన్నముగా ఉన్నది. పుదీనా వేయు వాడుక మనకు చాల కాలము తరువాత వచ్చినట్లు తోచును. అంతకుముందే నిమ్మాకు, దబ్బాకు, కరివేపాకు, అల్లము, కొత్తిమీర దాహపు మజ్జిగను సువాసితము చేయుచుండెను. దబ్బాకు మజ్జిగ రుచి ఎఱిగినవారు పుదీనా లేదని విచారింపరు. లేతదియు పెద్దదియు గాని మధ్యమపు టాకును కోసి, నడిమి యీనెను చీల్చి పాఱవేసి, మిగిలిన దళములను కల్లుప్పుతో అరచేత నలిపి, పలుచగా చిలికిన మజ్జిగలో వేసి పావుగంట పిదప వడగట్టవలెను. ఈనెను ఉంచినను, ఆకును మజ్జిగలో గంటలకొలది నానవేసినను చేదు దిగును. ఇక్కడ కరివేపాకు కూడ పనికివచ్చును, ఏలయన నలిపి తీసివేయు ఆకునకు దళసరితనము దోషము గాదు. పరిమళము ద్రవములో మిగిలి, పీచు బయటికి పోవును. తఱిగి తిను వంటకములలో నిలువలేని ఆకులు నానబెట్టి వడగట్టు పానీయములలో నిలుచుననునది ఈ ప్రశ్నలో ముఖ్యమైన సూత్రము, దానిని పాటించినచో నిమ్మగడ్డి మొదలుగాగల ఎన్నియో గట్టియాకులకు అవకాశము కలుగును.

పచ్చిగా నూఱు ఆకుపచ్చ చట్నీ విషయమున అందఱును కొత్తిమీరనే చెప్పుదురు, నేనును కాదనను. కాని పుదీనాను తీసివేసి అంతే కొత్తిమీర చేర్చినచో చట్నీ చప్పిడి యగును, ఏలయన కొత్తిమీర పరిమళము విశాలమైనదే గాని సూదిమొన వంటి తీక్ష్ణత దానికి లేదు. నూఱిన కొద్దిసేపటికే సగము ఎగిరిపోవును. ఆ లోటును పూరించుట ఎట్లనగా: రోటిలో మొదట కల్లుప్పు, పచ్చిమిరప, చిన్న అల్లపు ముక్క, జీలకఱ్ఱ వేసి మెదిపి, పిదప కొత్తిమీర కాడలను వేసి నూఱవలెను. కాడలను పాఱవేయు అలవాటు తప్పు, ఆకుకన్న కాడలో సారము తక్కువ గాదు. కాడలు నలిగిన తరువాత పచ్చిమామిడి ముక్కను, చివరను ఆకును వేసి నాలుగు దెబ్బలతో ముగింపవలెను. సబ్జా మొక్క యింట ఉన్నచో దాని లేతయాకులు ఏడెనిమిది ఆకుతోపాటు చేర్చిన, పుదీనా యందలి ఆ తీపిపరిమళపు నీడ కొంత మరల వచ్చును. నిమ్మరసమును మాత్రము వడ్డించుటకు ముందే పిండవలెను. పులుపు తగిలినంతట ఆకుపచ్చ వర్ణద్రవ్యములోని మెగ్నీషియము విడిపోయి, రంగు క్రమముగా పాచిపట్టిన గోధుమవన్నెకు దిగును. మామిడిలోను పులుపున్నది గదా యని శంకింపవచ్చును. ముక్కగా పడి ఆలస్యముగా కలియుటచే దాని ప్రభావము మందము.

కొత్తిమీరయే గిట్టనివారు కూడ లోకమున కలరు. దాని ఆకునందలి ఆల్డిహైడు వర్గపు ద్రవ్యములు వారికి సబ్బువాసనగా తోచును. ఘ్రాణగ్రాహక జన్యువు లుండు చోట ఒక చిన్న భేదముతో దీనికి సంబంధము కలదని 2012లో ప్రకటితమైన పరిశోధన తెల్పినది. మనవారిలో ఇట్టివారు తక్కువయే గాని, అన్యదేశములలో తెలుగిండ్లకు అతిథులై వచ్చువారిలో తఱచుగా కనబడుదురు. అట్టివారికి చట్నీ పెట్టవలసినపుడు సబ్జా ఆకులు రెండువంతులును, లేత మెంతికూర మొలకలు కొలదిగాను, పచ్చికొబ్బరి ధారాళముగాను వేసి నూఱుట నేను మేలని తలంతును. సబ్జా ఆకులను చల్లని పెట్టెలో దాచరాదు, అతిశీతలమునకు అవి నల్లమచ్చలు తేలును. కాడలు నీటిలో మునుగునట్లు గ్లాసులో నిలిపి గదిలోనే ఉంచవలెను. కత్తితో ముందుగా తఱిగి పెట్టినను ఆ నలుపే వచ్చును, కావున చేతితో త్రుంచి వెంటనే వాడుట యుక్తము.

తఱిగి కలుపు పచ్చి కూటములలో, అనగా సలాడులలో, పుదీనా ఒంటరిగా ఉండుట అరుదు. లెబనానువారి తబ్బూలే చూడుడు: అందు రాశి యంతయు పార్స్లీ ఆకుది, నానిన గోధుమరవ్వ కొంచెము, టొమాటో, ఉల్లి, నిమ్మరసము, ఆలివు నూనె, వానితో పుదీనా రెండవ స్వరముగా మాత్రము వచ్చును. దానిని పూర్తిగా విడిచినను తబ్బూలే తబ్బూలేగానే ఉండును. పార్స్లీ దొరకని మన ఊళ్ళలో రెంటి స్థానమునను కొత్తిమీరను నింపుటయే అసలైన మాఱుపాటు, అది వంటకపు స్వభావమును పూర్తిగా త్రిప్పివేయును. వియత్నాము, ఇరాను దేశముల ఆచారము ఇంకను బోధకరము. వియత్నామువారు భోజనముతో పెద్ద పళ్ళెమున పచ్చియాకుల గుట్టను ఉంచుదురు: పుదీనా, తీపి సబ్జా, తియాతో అను ఊదారంగు పెరిల్లా, మిరియపు ఘాటు గల రావ్‌రామ్, ఇంకను ఏ ఋతువున దొరకునవి ఆ ఋతువున. ఇరానువారి సబ్జీ ఖోర్దన్ పళ్ళెమున టారగాన్, రేహాన్, పుదీనా, ముల్లంగి, ఉల్లికాడలు జున్నుతోను రొట్టెతోను వచ్చును. ఈ పళ్ళెములయందు ఏ యాకును అనివార్యము గాదు. ఒకటి లేనినాడు మిగిలినవి సర్దుకొనును, తినువాడు ముద్దముద్దకు తనకు నచ్చిన కూర్పును చేసికొనును. బదులు వెదకవలసిన అవసరమే పుట్టని ఏర్పాటు ఇది. అమెరికాలోను ఆస్ట్రేలియాలోను ఆసియా దుకాణములకు చేరువగా నివసించు మన తెలుగువారికి ఈ యాకులన్నియు సులభముగా దొరకుచున్నవి గనుక, అక్కడివా రొకే పుదీనా కట్ట కొఱకు ప్రాకులాడుట కన్న ఈ పద్ధతిని అలవఱచుకొనుట మంచిది.

మన వడపప్పును ఈ తరగతిలోనే చేర్చవలెను. నానిన పెసరపప్పు, మామిడితురుము, కొబ్బరి, పచ్చిమిరప కలిసిన ఆ ప్రసాదము స్వభావసిద్ధముగనే కొత్తిమీరను కోరును. ఈ నడుమ కొందఱు పుదీనా కలుపుచున్నారు గాని, దాని వలన మామిడి సువాసన మఱుగుపడుచున్నదని నా యభిప్రాయము. పచ్చిపులుసునకును అదే మాట.

పానీయములలో చలువయే ప్రధానము, అందుచే ఇక్కడ ఆకులు చాలవు. నిమ్మకాయ షర్బతులో పుదీనాకు బదులు సబ్జా ఆకు వేసినచో పరిమళము తీపిగా, సోంపు ఛాయతో వచ్చును. నిమ్మగడ్డి తెల్లని మొదలు భాగమును చితుకగొట్టి నానవేసినచో నిమ్మకు నిమ్మ తోడై సువాసన ఇబ్బడి యగును. రెంటిలో దేనివలనను నోటిలో చలి పుట్టదు. మన పూర్వులు ఆ చలువను ఆకునందు వెదకలేదు. దేవాలయ తీర్థమును స్మరింపుడు: తులసి పరిమళమునకు, పచ్చకర్పూరము చలువకు, ఏలకి మాధుర్యమునకు. పనులు మూడును మూడు వస్తువులకు పంచి, ఏ వేడియు తగులని నీటిని అంత మనోజ్ఞముగా వాసించిన విధానము మఱియొక చోట నే నెఱుగను. శ్రీరామనవమి పానకమునకును ఈ పచ్చకర్పూరపు రేణువు ఒకటి పడినచో మిరియపు వేడి వెనుక చల్లని గాలి వీచినట్లుండును. ఆవగింజంత మించరాదు, హారతి కర్పూరమును ఎన్నడును వాడరాదు. అది తినుటకు తగినది గాదు, పచ్చకర్పూరమైనను మోతాదు మించిన హానికరము, పసిపిల్లలకు అసలే ఈయరాదు. తులసి యొక్క ముఖ్యద్రవ్యము లవంగమునందున్న యూజెనాలే గనుక దాని స్వభావము వెచ్చన. పుదీనాకు బదులని షర్బతులో గుప్పెడు తులసి వేసినవారికి లవంగపు నీరు త్రాగినట్లుండును. పైగా తులసిని చట్నీలలో నూఱుటకు అనేక గృహములలో మనసొప్పదు, ఆ మనసును గౌరవింపవలెను.

పానీపూరీ నీళ్ళు మాత్రము బదులునకు సులభముగా లొంగును. చింతపండు, నల్లుప్పు, వేయించిన జీలకఱ్ఱ, పచ్చిమిరప కలిసిన ఆ ఘాటులో కొత్తిమీరయు, నలిపి వడగట్టిన నిమ్మాకును పుదీనా లోటును తొంబదిపాళ్ళు కప్పివేయును.

బదులుగా వాడరాని ఆకుల మాట కూడ చెప్పుట అవసరము. పుదీనా వలెనే వాసన వచ్చునదెల్ల పుదీనా గాదు. ఆంగ్లేయులు పెన్నీరాయల్ అను మెంథా జాతి యొకటి కలదు. దాని తైలమున పులెగోను అను ద్రవ్యము మెండు, అది కాలేయమునకు విషము. విదేశములలో తోటల దుకాణములనుండి తెచ్చి నాటుకొనువారు మొక్క పేరును చీటీపై చదివి మఱీ కొనవలెను. మరువము నిరపాయమైనది, ఐరోపావారికి వంట యాకే; రెండు రెమ్మల లేతచిగుళ్ళు టొమాటో ముక్కలపై చల్లినచో మనోహరముగా ఉండును, గాని మన ముక్కునకు అది పూలదండను జ్ఞప్తికి తెచ్చుట వలన పెరుగున రుచింపదు. దవనమును, మాచిపత్రిని ఆ చేదు వలన విడువవలెను. ఏ యాకైనను నిప్పు తగులక నోటికి పోవునది గనుక, మురుగునీటి పక్కన పండినదేమో యను శంకతోనే చేతబట్టి, నిండు పాత్రలో నీటిని మూడుమార్లు మార్చి, అడుగున ఇసుక దిగకుండునంతవఱకు కడిగి, గుడ్డపై ఆఱబెట్టి, తడియాఱిన పిదపనే తఱుగవలెను. తడిసిన ఆకు కత్తిక్రింద చిదికి, సారమంతయు పలకకు వదలును.

ఎండుపుదీనా తాజా ఆకు గాదు గనుక ఈ చర్చకు కొంత వెలుపలిదే. ఐనను పెరుగు వంటకముల మటుకు అది అన్ని పచ్చియాకుల కన్న పుదీనాకు దగ్గఱగా నిలుచును. కార్వోను ఎండుటకు కొంతవఱకు ఓర్చుకొనును. ఇరాను, తురుష్క దేశములవారు దానిని లోపమునకు సర్దుబాటుగా గాక కోరి వాడుచున్నారు. పుదీనా చవుకగా వచ్చు శీతకాలమున ఆకులను నీడన ఎండబెట్టి సీసాలో దాచుకొనుట తెలుగిండ్లలో ఇంకను ప్రచారమునకు రావలసిన మంచి అలవాటు.

కడకు, బదులే చెల్లని వంటకములు కొన్ని యున్నవి. ఆంగ్లేయులు కాల్చిన గొఱ్ఱెమాంసమునకు తోడుగా వడ్డించు మింట్ సాస్‌లో తఱిగిన పుదీనా, వెనిగారు, పంచదార తప్ప వేఱొకటి లేదు. క్యూబావారి మొహీటో, దానిని అనుసరించి మన నగరములలో రమ్ము లేక తయారగుచున్న నిమ్మసోడా పానీయము, నలిపిన పుదీనా మీదనే నిలిచియున్నవి. వీనిలో మఱియొక ఆకును వేసి అదే పేరుతో పిలుచుట వలన త్రాగువానికి ఆశాభంగమును, ఆ యాకునకు అన్యాయమును కలుగును. సబ్జా ఆకుతో చేసిన సోడాకు సబ్జాసోడా యని పేరుపెట్టి ఈయవచ్చును. మింట్ సాస్ మాత్రము పుదీనా దొరకిన నాటికి వాయిదా వేయవలెను.